చీకటి గదిలో సూర్యుని చిరునామా

భిలాయి ఉక్కునగరంలో కొలిమికి రాత్రి, పగలు అన్న భేదం లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ఫలితంగా వెలసిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అంకెలే పేర్లుగా గల సెక్టార్లలో, చెట్లనీడ పరచుకొన్న వీధులలో, దేశం నలుమూలల నుండి వచ్చిన కుటుంబాలు స్థిరపడినాయి. వారిలో తెలుగువారూ చాలామంది ఉన్నారు.

ఇటువంటి ఊరి ముదురుచెట్ల తొర్రలలో మరొక కర్మాగారం నడుస్తూ ఉంటుంది. మనదేశపు పుట్ట తేనెటీగ ఎత్తైన కట్టడాలకు వేలాడే కొండ తేనెటీగ వంటిది కాదు. తొర్రలు, పుట్టలు, గోడల సందులు, ఇటువంటి చీకటి తావులే దానికి ఇష్టం.

మేతకు పోయిన కూలీ ఈగ విరగబూసిన పూలచెట్టును కనుగొని తిరిగి వస్తుంది. లోపల కటికచీకటి. ఆ చోటు తోటివారికి తెలిపేదెట్లా? నిలువుగా వేలాడే పట్టుమీద అది నాట్యం ఆరంభిస్తుంది. పొట్టను అటూ ఇటూ ఊపుతూ, రెక్కలు ఝుమ్మనిపిస్తూ సూటిగా కొంత నడుస్తుంది. కుడివైపుగా చుట్టి మొదటి చోటికి వస్తుంది. మళ్ళీ నడిచి, ఈసారి ఎడమవైపుగా చుట్టి వస్తుంది. సందేశమంతా ఆ సూటినడకలోనే ఉన్నది. నడక నిట్టనిలువుగా పైకి సాగితే, పూలు సూర్యుడున్న దిక్కున ఉన్నవని అర్థం. నిలువుగీతకు 40 డిగ్రీలు కుడికి ఒరిగితే, సూర్యునికి 40 డిగ్రీలు కుడిగా ఎగరవలెనని అర్థం. ఊపు ఎంత ఎక్కువసేపు సాగితే దూరం అంత ఎక్కువ. ఈ భాషను విప్పి చెప్పిన ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది.

చూడటానికి వెలుగు లేదు గనుక, వెంటనడిచే ఈగలు నర్తకి దేహాన్ని మీసాలతో తాకి తెలుసుకొంటాయి. రెక్కలు పుట్టించే గాలి అలలను, దేహానికంటిన పూలవాసనను పసికడతాయి. అంతకన్నా వింత మరొకటి ఉన్నది. చాలాసేపు నర్తించే ఈగ, బయట సూర్యుడు జరిగినకొద్దీ, తాను చూడకుండానే తన నడక కోణాన్ని సవరించుకొంటుంది!

ఈ విద్య పూర్తిగా పుట్టుకతో వచ్చినది కాదు. అనుభవం గల పెద్ద ఈగలు లేకుండా, ఒకే ఈడు పిల్ల ఈగలతో పెంచిన పట్టులపై చైనాలో జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. పెద్దల నాట్యాన్ని అనుసరించని ఆ ఈగలు మొదట తప్పటడుగులు వేసినాయి. దిక్కు చెప్పడంలోని తప్పులు అభ్యాసంతో తగ్గినాయి; దూరం చెప్పడంలోని తప్పు మాత్రం జీవితాంతం దిద్దుకోలేదు.

భిలాయిలో పుట్టి, బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుకొనే తెలుగుపిల్లల తలిదండ్రులకు ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. అమ్మమ్మ నోట విన్న పలుకుబడి వేరు, ఆలస్యంగా పుస్తకంలో నేర్చిన పలుకుబడి వేరు.

అందుచేత తేనెకోసమో, భయంచేతనో తొర్రలో నిప్పు పెట్టినప్పుడు కాలిపోయేది మైనమూ తేనే మాత్రమే కాదు. దారి తెలిసిన పెద్దలూ, వారిని చూచి నేర్వవలసిన పిల్లలూ ఒక్కసారే పోతారు. పుట్ట తేనెటీగలను, తెలిసినవారిచేత, పట్టుతో సహా కొయ్యపెట్టెలోకి మార్చి బతికించవచ్చు. ఆ పెట్టె లోపలా చీకటే. అయినా మరునాడు పూలజాడ దొరికిన ఈగ ఒకటి తిరిగి వచ్చి, ఆ చీకటిలోనే సూర్యుని దిక్కు చూపుతుంది.