కామాఠీపురా నుంచి కడలి అడుక్కి

ముంబయిలో నది ఎక్కడుందని అడిగితే అందరూ మీఠీ వైపే చూపిస్తారు. విహార్, పవాయి చెరువుల అలుగు నీళ్లతో బయల్దేరి, దాదాపు 18 కిలోమీటర్లు నడిచి, కుర్లా, ధారావి పక్కగా వచ్చి మాహిం క్రీక్‌లో కలుస్తుంది. 2005 జూలై 26న ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడి అది ఒడ్లు దాటాక దాని పేరు దేశమంతా తెలిసింది. నేను వెంట నడవబోయేది దాన్ని కాదు. కామాఠీపురా సందుల్లో పుట్టి, నేల కిందుగా సాగి, వర్లీ దగ్గర అరేబియా సముద్రంలో పడే ప్రవాహం ఇంకొకటుంది. ఏ పటంలోనూ దాన్ని నదిగా గుర్తించలేదు. అయినా రాగి, సీసం, జింకు, కాడ్మియం వెళ్లే దారి చూస్తే, ముంబయి తెలుగువాళ్ల బతుకులకి ఇంతకన్నా దగ్గరి నది లేదు.

అసలు ఈ నేలే సముద్రం నుంచి తీసుకున్నది. 1780ల్లో గవర్నర్ విలియం హార్న్‌బీ కాలంలో వర్లీ గండికి అడ్డంగా కట్ట పడేదాకా, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్లు ఈ పల్లంలోకి వచ్చి వెళ్లేవి. కట్ట పడ్డాక ఆ పల్లాన్ని మట్టితో, రాళ్లతో పూడ్చుకుంటూ వచ్చారు. దాదాపు ఆ రోజుల నుంచే నిజాం రాజ్యపు పల్లెల్లోంచి తాపీ పని, రాళ్ల పని, మట్టి పని తెలిసిన కామాఠీలు బొంబాయికి తరలివచ్చి, ఇంకా తడి ఆరని ఆ నేల మీదే ఇళ్లు వేసుకున్నారు. ఊరి రోడ్లు, మిల్లులు, పెద్ద పెద్ద రాతి భవనాలు లేపిన చేతుల్లో వాళ్లవి చాలా ఉన్నాయి. వాళ్లలో కాంట్రాక్టర్లుగా ఎదిగిన కొందరు జ్యోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలబడ్డారు. కామాఠీపురా అనగానే ఒకే ఒక్క వ్యాపారం గుర్తొచ్చేలా చేయడం ఆ పేటకి జరిగిన అన్యాయం. అక్కడ తోలు పని ఉంది, జరీ పని ఉంది, పాత సామాన్ల పని ఉంది. మన ప్రవాహం మొదలయ్యేది ఆ మూడోదాని దగ్గరే.

గ్రాంట్ రోడ్డు, కామాఠీపురా చుట్టుపక్కల పాత కంప్యూటర్లు, ఫోన్లు విప్పే చిన్న చిన్న దుకాణాలున్నాయి. పని చేసే చోటు ఒక మంచమంత ఉంటుంది. కుర్రాడు బోర్డుని మంట మీద పెట్టి వేడి చేస్తాడు. తగరం, సీసం కలిసిన టంకం మెత్తబడి మెరుస్తుంది. అదును చూసి బోర్డుని నేలకేసి ఒక్క దెబ్బ కొడితే చిప్పులన్నీ రాలిపడతాయి, వాటితోపాటు కరిగిన లోహం చుక్కలు చుక్కలుగా చిందుతుంది. బంగారం పూత ఉన్న ముక్కలు ఆమ్లపు బకెట్లోకి వెళ్తాయి. పూత కింద ఉన్న రాగి కరిగి ఆ ఆమ్లం నీలి, ఆకుపచ్చ రంగుల మధ్యగా మారుతుంది. బంగారపు పొర రేకులుగా తేలాక దాన్ని వడగట్టుకుంటారు, రంగు నీళ్లని మోరీలో పారబోస్తారు. సముద్రానికి చేరక ముందే ఆ సీసం చేరే చోటు ఆ కుర్రాడి గోళ్లు, ఊపిరి, అతను ఇంటికి వెళ్లి ఎత్తుకునే బిడ్డ ఒళ్లు. పిల్లల మెదడుకి సీసం చేసే హానిలో ఇంతవరకైతే ఫరవాలేదు అనదగ్గ మోతాదు లేదని వైద్యం తేల్చి చెప్పింది. లోహాల ప్రయాణం గురించి ఏం రాసినా ఈ మొదటి మజిలీని దాటేసి సముద్రం దగ్గర మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

దుకాణాలొక్కటే కాదు. కార్మికుల గదుల వరసలైన చాళ్ల పైన వేసిన జింకు పూత రేకుల మీంచి ప్రతి వానా కొంత జింకుని కడిగి తెస్తుంది. టైర్ల అరుగుదలలో జింకు, బ్రేకుల పొడిలో రాగి ఉంటాయి. పాత గోడల రంగు పొరల్లో సీసం ఉంటుంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో నియమం వచ్చింది 2016లోనే. అంతకు ముందు వేసిన పొరలు చాలావరకు ఇంకా గోడల మీదే ఉన్నాయి.

ఒకప్పుడు బొంబాయి ప్రధాన మురుగుకాలువ ఈ పల్లం మీదుగానే వర్లీ గండి వైపు తెరిచి పారేది. ఇప్పుడంతా నేల కిందికి వెళ్లింది, పల్లం మాత్రం పల్లంగానే ఉంది. వానాకాలంలో సముద్రం నాలుగున్నర మీటర్లకు మించి పోటెత్తే రోజుల్లో కాలువల మూతులు మూసేస్తారు. లేకపోతే సముద్రమే వెనక్కి తన్నుకొస్తుంది. నీళ్లు కదలక నిలిచే ఆ గంటల్లో కాలువ అడుగున జరిగే రసాయనం ముఖ్యమైంది. ఆక్సిజన్ అయిపోయిన బురదలో సూక్ష్మజీవులు సల్ఫైడును పుట్టిస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. రాగి, సీసం, కాడ్మియం, జింకు సల్ఫైడుతో కలిసి నల్లటి రేణువులుగా అడుక్కి చేరతాయి. కాలువ బురద నలుపులో పెద్ద పాలు ఇనుప సల్ఫైడుదే. అక్కడితో కథ ముగిసిందనుకోవడానికి లేదు. పెద్ద వాన వచ్చి అడుగు కలచగానే ఆ రేణువులకి ఆక్సిజన్ తగులుతుంది, కట్టుబడిన లోహంలో కొంత మళ్లీ కరిగి కదులుతుంది.

దారి వర్లీకి చేరుతుంది. ఇది కూడా తెలుగువాళ్ల ముంబయే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి మగ్గం వదిలి మిల్లు పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు 1920ల్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన బీడీడీ చాళ్లలో, లోయర్ పరేల్, ప్రభాదేవి చుట్టుపక్కల స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లలు కార్పొరేషన్ తెలుగు బడుల్లో చదివారు. బతుకమ్మ ఆ చాళ్ల మధ్య ఖాళీ జాగాల్లో ఇప్పటికీ ఆడతారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అద్దకపు రంగుల్లోంచి క్రోమియం, రాగి కలిసిన నీళ్లు రావడం ఆగింది, వాటితోపాటే ఆ ఇళ్లలో జీతం రాళ్లు కూడా ఆగిపోయాయి. సముద్రానికి మేలు జరిగిందని ఆ ఇళ్లలో కూర్చుని ఎవరూ అనలేరు. ఇప్పుడు ఆ చాళ్లనే కూల్చి టవర్లు లేపుతున్నారు. నూరేళ్ల గోడలు పొడి అవుతున్నప్పుడు ఆ దుమ్మును తడిపి అణచడం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

వర్లీ లవ్‌గ్రోవ్ పంపింగ్ స్టేషన్‌లో మురుగుని జల్లించి, ఇసక దింపి, సముద్రం అడుగున సుమారు 3.4 కిలోమీటర్ల సొరంగం గుండా బయటికి పంపుతున్నారు. ఆ సొరంగం 1999లో పనిలోకి వచ్చింది. పూర్తిస్థాయి శుద్ధి కోసం వర్లీ సహా ఏడు చోట్ల కొత్త కేంద్రాలకు 2023 జనవరిలో శంకుస్థాపన చేశారు. జల్లెడ చెత్తను ఆపుతుంది, నీళ్లలో కరిగిన రాగిని ఆపలేదు.

మంచినీళ్లు ఉప్పునీళ్లని తాకే చోట లోహాల దారులు విడిపోతాయి. నీళ్లలో అతి సన్నని నలుసులుగా తేలే ఇనుము ఉప్పు తగలగానే, విరిగిన పాలలా గడ్డకట్టి అడుక్కి దిగుతుంది. నదులు తెచ్చే ఇనుములో చాలా భాగం సముద్రపు వాకిట్లోనే ఆగిపోవడానికి కారణం ఇదే. కాడ్మియంది దీనికి పూర్తిగా ఎదురు తీరు. బురద రేణువుల్ని అంటిపెట్టుకుని వచ్చిన కాడ్మియాన్ని ఉప్పులోని క్లోరైడు లాక్కుని నీళ్లలోకి వదిలేస్తుంది. ఒకే సొరంగంలోంచి వచ్చిన రెండు లోహాల్లో ఒకటి తీరంలో ఉండిపోతుంది, ఇంకొకటి లోపలికి బయల్దేరుతుంది.

లోపలి సముద్రంలో ఈ లోహాలు ఎంత తక్కువో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ముంబయికి రోజూ సరఫరా అయ్యే నీళ్లు సుమారు 385 కోట్ల లీటర్లు. అన్ని నీళ్లూ ఇనుము కరువైన మహాసముద్రపు పైపొర నుంచి తోడినవైతే, మొత్తంలో కరిగి ఉండే ఇనుము 20 గ్రాములకు అటూ ఇటూ. ఇంత తక్కువని 1970ల దాకా శాస్త్రానికే తెలియదు. నీళ్లు తోడే ఓడ ఇనుమే, తాడు ఇనుమే, సీసాలో, ప్రయోగశాల దుమ్ములో సీసం. కొలిచిందంతా తమ మురికినే. శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ సీసాన్ని శుభ్రంగా కొలవడం నేర్పాకే అసలు అంకెలు బయటపడ్డాయి. 2010లో మొదలైన జియోట్రేసెస్ అనే అంతర్జాతీయ కార్యక్రమం మహాసముద్రాలన్నిటినీ ఆ శుభ్రతతో కొలుస్తోంది. మన వైపు ఆ పని అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ తలకెత్తుకుంది.

ఇంత తక్కువ లోహం మీదే సముద్రపు పచ్చదనం ఆధారపడి ఉంది. కంటికి కనిపించని వృక్ష ప్లవకాలకి కిరణజన్య సంయోగక్రియకు ఇనుము కావాలి, కార్బన్ డయాక్సైడును వాడుకునే ఎంజైముకి జింకు కావాలి. జింకు దొరకనప్పుడు డయాటంలనే ప్లవకాల్లో కొన్ని ఆ ఎంజైములో కాడ్మియంతో పని నడుపుకుంటాయి. నేల మీద ఒట్టి విషమైన లోహం అక్కడ ఆకలి తీరుస్తుంది. రాగి కూడా కావాలి, అయితే కాస్త ఎక్కువైతే చాలు, కొన్ని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అందుకని అవి రాగిని పట్టి బంధించే సేంద్రియ పదార్థాల్ని తమ చుట్టూ నీళ్లలోకి వదులుతాయి. సముద్రంలో కరిగిన రాగిలో నూటికి 99 పాళ్లకు పైగా అలా బంధించి ఉన్నదే. రేవుల దగ్గర రాగి కలిసిన రంగు పూసిన పడవలు, నగరాల మురుగు కలిసి ఆ బంధించే శక్తిని మించిపోతే ఏమవుతుందన్నదే అసలు భయం.

ప్లవకాలు చచ్చి కిందికి రాలుతూ లోహాల్ని వెంట తీసుకెళ్తాయి. కుళ్లుతూ దారిలోనే వదిలేస్తాయి. కాడ్మియం, జింకు పైన తక్కువగా, లోతున ఎక్కువగా ఉండేది అందుకే. అరేబియా సముద్రంలో దీనికి ఇంకో మలుపుంది. సుమారు 150 మీటర్ల నుంచి వెయ్యి మీటర్లు దాటేదాకా ఇక్కడ నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. మాంగనీసు, ఇనుము తుప్పు రేణువులుగా కిందికి దిగుతూ ఆ పొరలోకి రాగానే మళ్లీ కరుగుతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో ఆ లోతు నీళ్లు పశ్చిమ తీరం మీదికి ఎగదన్నుకొస్తాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తీరం దగ్గర అడుగు నీళ్లలో కూడా ఆక్సిజన్ పడిపోతుంది, బురదలో దాగిన ఇనుము, మాంగనీసు నీళ్లలోకి లేస్తాయి. కవ్వల గుంపులు మేసే పచ్చదనం లేచేదీ ఆ కాలంలోనే.

ఇనుము చల్లి సముద్రాన్ని పచ్చగా చేసి, గాలిలోని కార్బన్‌ని అడుక్కి పంపొచ్చా అన్న ప్రశ్నకు మనవాళ్లు కూడా జవాబు వెతికారు. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీవాళ్లు కలిసి లోహాఫెక్స్ పేరుతో దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప సల్ఫేటు చల్లారు. డయాటంలకు కావలసిన సిలికా ఆ నీళ్లలో లేదు. లేచిన మిగతా ప్లవకాల్ని చిన్న రొయ్యజాతి జీవులు తినేశాయి. అడుక్కి దిగిన కార్బన్ అంతంత మాత్రమే.

సీసానికి సముద్రంలో ఏ పనీ లేదు. రేణువులకు అంటుకుని గబగబా దిగిపోతుంది. పై నీళ్లలో దాని నిలకడ కొద్ది ఏళ్లే. అమెరికా, ఐరోపా పెట్రోలులో సీసం మానేశాక ఉత్తర అట్లాంటిక్ పైపొరలో సీసం తగ్గుతూ రావడం కొలతల్లో స్పష్టంగా కనిపించింది. మన దేశంలో 2000లో మానేశాం. పిల్లల్ని అన్నిటికన్నా ఎక్కువ గాయపరిచే లోహమే, మూలం ఆపగానే పై నీళ్లని త్వరగా వదిలిపోయేది. రాగి అలా కాదు. కరిగి తప్పించుకున్న రాగి వేల ఏళ్లు తిరుగుతుంది. మహాసముద్రం ఒకసారి కలియతిరగడానికి పట్టేది దాదాపు వెయ్యేళ్లు.

అలా తిరిగి తిరిగి కొంత రాగి, నికెల్, కోబాల్ట్ అయిదు కిలోమీటర్ల లోతున మాంగనీసు గుండ్ల మీద పొరగా చేరతాయి. బంగాళాదుంపంత గుండు ఏర్పడటానికి లక్షల, కోట్ల ఏళ్లు కావాలి. 1981 జనవరి 26న గవేషణి నౌక హిందూ మహాసముద్రం అడుగు నుంచి మన మొదటి గుండ్లను పైకి తెచ్చింది. ఇప్పుడు మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మీద అన్వేషణ హక్కు మనది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వరాహ అనే యంత్రాన్ని 2021లో 5,270 మీటర్ల లోతున నడిపి చూసింది. ఆ గుండ్లలో రాగి నూటికి ఒక పాలు. పాత సర్క్యూట్ బోర్డులో నూటికి దాదాపు ఇరవై. చేతికందే రాగిని మంచి కర్మాగారంలో, చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ ఉన్న పనివాళ్లతో తీయించగలిగిన దేశం ముందు ఆ పని పూర్తి చేయాలని నా పట్టుదల. వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పేరుకున్న బురదను యంత్రం కదిలిస్తే లేచే మబ్బు ఎంత దూరం పోతుందో, దానిలోంచి ఏ లోహం ఎంత కరుగుతుందో ఆ నీళ్లలోనే ఏళ్ల తరబడి కొలవాలి. ఆ కొలతలు చేతికొచ్చేదాకా తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదు.