వంటింటి బండలు – పీకేద్దామా, ఉంచుదామా?

నాపరాళ్ళంటే ఇప్పుడు జనానికి ఎందుకో చిన్నచూపు. "ఇంకా బండలేనా? టైల్స్ వేయించలేదా?" అని మా ఇంటికొచ్చిన చుట్టాలు చాలామందే అడిగారు. అలా అడిగినవాళ్ళే ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ బండల మీదే పడుకుని గుర్రు పెట్టారనుకోండి, అది వేరే సంగతి :-)

మాది నంద్యాల. ఇల్లు 1997లో కట్టారు, అంటే ఇంటికీ నాకూ ఇంచుమించు ఒకటే వయసు. హాలు, గదులు, వంటిల్లు అన్నీ బేతంచర్ల బండలే. పొయ్యి గట్టుకు మాత్రం నల్ల కడప బండ. అప్పట్లో మా వైపు ఇందులో ఆలోచించడానికేమీ లేదు. రాయి పక్కూళ్ళో దొరుకుతుంది, పరిచే మేస్త్రి పక్క వీధిలో దొరుకుతాడు. మార్బుల్ అంటే అది సినిమా వాళ్ళ ఇళ్ళ సంగతి.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే, 2023 వానాకాలంలో మా అమ్మ సింకు దగ్గర జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాల్లోనే ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మొత్తం పీకించి విట్రిఫైడ్ టైల్స్ వేయిద్దామని మా బావ. "నేనుండగా ఈ ఇంట్లో గడ్డపార పడేదే లేదు" అని నాన్న. చివరికి తీర్పు నా నెత్తిన పడింది. "ఇంజనీరువి కదా, నువ్వే చెప్పు" అన్నారు. నేను చదివింది కంప్యూటర్ సైన్సు, సివిల్ కాదు మొర్రో అన్నా ఎవరూ వినలేదు. సరే, తెలుసుకుంటే పోయేదేముందని మొదలుపెట్టా.

నాపరాయి అంటే సున్నపురాయి, కాల్షియం కార్బొనేట్. మా జిల్లాలో అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఉండటానికి కారణం కూడా ఈ సున్నపురాయే. దీనికి ఆసిడ్ అంటే పడదు. పదో తరగతి ప్రయోగం గుర్తుందా, సుద్దముక్క మీద ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగడం? వంటింట్లో నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్, పులిసిన మజ్జిగ బండ మీద పడి నిలిస్తే జరిగేది కూడా అదే, కాకపోతే నెమ్మదిగా. బెలుం గుహలు చూసినవాళ్ళకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గాల్లోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకున్న వాన నీళ్ళు ఇలాంటి సున్నపురాయినే తినుకుంటూ పోయి 3 కిలోమీటర్ల పైచిలుకు గుహలు తొలిచాయి. వాటికి లక్షల ఏళ్ళ టైముంది. మన ఊరగాయ జాడీకి అంత టైము అక్కర్లేదు.

అందుకే మా అమ్మ "ఈ తెల్ల మరక ఎంత తోమినా పోదురా" అనేది. పోవడానికి అక్కడ మరకంటూ ఏమీ లేదు. రాయి పైపొరే కరిగి నునుపు పోయింది, వెలుతురు పడితే ఆ చోటు పాలిపోయి కనిపిస్తుంది. సబ్బుతో పోదు, మళ్ళీ పాలిష్ పట్టాల్సిందే. మా వీధిలోనే ఒకాయన సున్నాలు వేయించాక బండల మీది మచ్చలు పోవాలని బాత్రూము ఆసిడ్ తెచ్చి ఇల్లంతా కడిగించాడు. సున్నం మచ్చలు పోయాయి, వాటితోపాటు బండల నునుపు కూడా పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో కాఫీ ఒలికినా బండ తాగేస్తుంది.

నూనె, పసుపు సంగతి వేరు. అవి నిజంగా మరకలే, రాయి లోపలికి ఇంకుతాయి. నూనె ఒలికితే అమ్మ వెంటనే తుడవదు. మీద శెనగపిండో ముగ్గుపిండో గుమ్మరించి, అది నూనె పీల్చుకున్నాక ఎత్తేస్తుంది. ఇంకిపోయిన పాత మరకైతే వంటసోడాను నీళ్ళతో ముద్దలా కలిపి పట్టించి, ప్లాస్టిక్ కవరు కప్పి ఒక రోజు వదిలేసి, ఆరాక గీకేయాలి. రెండు మూడు సార్లు చేస్తేగానీ ఫలితం కనపడదు. పసుపు మీద సబ్బు పొడి వేస్తే ఎర్రగా మారి కంగారు పెడుతుంది. క్షారం తగిలితే పసుపు అంతే, పసుపూ సున్నమూ కలిపితే పారాణి అయినట్టు. ఎండ తగిలే చోటైతే పసుపు దానంతటదే వెలిసిపోతుంది. మా వంటింటి తూర్పు కిటికీ ఆ పని ఉచితంగా చేస్తోంది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఇసుక. కాఠిన్యం స్కేలు మీద ఈ రాయి 3 దగ్గర ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే మన చెప్పుల కింది ఇసుక రేణువే బండకి గరుకు కాగితం. ఊడవకుండా తడిగుడ్డ పెట్టడమంటే ఇల్లంతా ఇసుకతో రుద్దినట్టే. ముందు బాగా ఊడ్చి, తర్వాత మామూలు నీళ్ళతోనో, ఆసిడ్ లేని రెండు చుక్కల సబ్బుతోనో తుడిస్తే చాలు. నిమ్మకాయ బొమ్మ ఉన్న ఫ్లోర్ క్లీనర్ కొనేముందు వెనకాల ఏం రాసుందో ఒకసారి చూడండి.

పాలిష్ గురించి కూడా చెప్పాలి. మేస్త్రి మిషన్ తెచ్చి, నీళ్ళు పోస్తూ ముతక రాయి నుంచి సన్న రాయి దాకా ఒక్కో నంబరూ మారుస్తూ రుద్దుతాడు. ఇల్లంతా బూడిదరంగు బురద. ఆ బురదని సింకులోనో తూములోనో పోయనివ్వకండి, పైపులో పేరుకుపోయిందంటే తీయడం నరకం. చివర్లో ఆక్సాలిక్ ఆసిడ్ పొడి వేసి మెరుగు పెడతారు. ఆసిడ్ పడదన్నావు కదా అంటారేమో. ఇది రాయితో కలిసి కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. అది నీళ్ళలో కరగదు, పైన సన్న పొరలా నిలుస్తుంది. కానీ ఆ పొడి విషం, చూడ్డానికి పంచదారలా ఉంటుంది. మిగిలితే దాచుకోవద్దు, అందులోనూ వంటింట్లో అసలొద్దు.

ఇంతకీ అమ్మ ఎందుకు పడింది? బావ వాదన ఏంటంటే పాతికేళ్ళ అరుగుదలకి బండలు అద్దంలా అయ్యాయని. సింకు ముందు ఆ మాట నిజమే, అక్కడ కాళ్ళే పాలిష్ పట్టేశాయి. కానీ మెరిసే విట్రిఫైడ్ టైలు నీళ్ళు పీల్చేది అర శాతం లోపే. పడ్డ నీళ్ళు పైనే నిలుస్తాయి, దానికి కాస్త నూనె తోడైతే ఇక చెప్పక్కర్లేదు. గరుకు టైల్స్ కూడా ఉన్నాయి నిజమే, కానీ బావ ఫోనులో చూపించినవన్నీ మొహం కనపడేంత మెరిసేవే. పైగా ఉన్న బండల మీదే టైల్స్ పరిస్తే నేల అంగుళం దాకా లేస్తుంది. తలుపులు కోయాలి, గడప చిన్నదవుతుంది, తూము వైపు వాలు మళ్ళీ లెక్కేసుకోవాలి. చిన్న బగ్గు కోసం ప్రోగ్రాం మొత్తం తిరగరాద్దామనే మేనేజర్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, మా బావ ఇంట్లో ఉన్నాడు.

వాదనంతా అయ్యాక ఎవరికో గుర్తొచ్చింది, అమ్మని అడగలేదని. రోజుకి రెండుసార్లు ఆ నేల తుడిచేది ఆవిడే. "బండలేం చేశాయిరా? ఆ సింకు కింద రెండు బండలు కుంగి ఏడాదైంది, నీళ్ళు నిలుస్తున్నాయని మీ నాన్నకి చెప్తానే ఉన్నా" అంది. నాన్న పేపర్లోంచి తలెత్తలేదు.

గోళీ ఒకటి తెచ్చి వదిలి చూశాను. తూము వైపు పోవాల్సింది సరిగ్గా అమ్మ నిలబడే చోటికి దొర్లుకొచ్చి ఆగింది. సింకు కింది పైపు కీలు దగ్గర సన్నగా కారుతోంది కూడా. ఆ కారే నీళ్ళకే కింద మట్టి కదిలి బండలు కుంగాయని మేస్త్రి తేల్చాడు.

ముందు పైపు మార్పించాం. తర్వాత ఆరు బండలు లేపి, కింద గట్టిగా దిమ్మిస కొట్టించి, పాలిష్ లేని గరుకు బండలు వాలు సరిచేసి పరిపించాం. రెండు రోజుల పని. నాన్న గడ్డపార శబ్దం వినలేక ఆ రెండు రోజులూ మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉన్నాడు. ఖర్చు టైల్స్ అంచనాలో పదో వంతు కూడా కాలేదు. ఒక్కటే లోపం, కొత్త బండల రంగు కలవలేదు. పాతవి ముదిరి ఉన్నాయి, ఇవి పాలిపోయి అతుకేసినట్టు కనిపిస్తున్నాయి. గరుకు కదా, తుడవడం కూడా కాస్త కష్టమే, అక్కడ కొబ్బరి పీచుతో రుద్దాల్సి వస్తోందని అమ్మ చెప్పింది. ఆ మాత్రం నాకు ఫర్వాలేదు అనడానికి నేనెవర్ని, రుద్దేది నేను కాదు కదా. అందుకే ఇంటికెళ్ళినప్పుడు ఆ ఆరు బండల డ్యూటీ నాది.

ఇక సీలర్ ఒకటి మిగిలింది. బండ మీద నీటి చుక్క వేసి పది నిమిషాలు ఆగి చూడండి. ఆ చోటు నల్లబడితే నీళ్ళు పీలుస్తోందని అర్థం. మా పాత బండలు బాగానే ఉన్నాయి, కొత్తవి పీలుస్తున్నాయి. కానీ కింద తడి ఉండగా సీలర్ కొట్టకూడదు, లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక ఉప్పు తేలడం, పొరలు లేవడం మొదలవుతుంది. అందుకని వేసవి దాకా ఆగి, ఆవిరిని బయటికి పోనిచ్చే రకం చూసి కొట్టాలనుకుంటున్నాం. అప్పటిదాకా ఆ ఆరు బండల మీద నిమ్మకాయలు కోయొద్దని అమ్మ ఇంట్లో అందరికీ, ముఖ్యంగా మా బావకి, చెప్పి పెట్టింది.