తోలు కోటా? గుడ్డ కోటా? - బ్లూ రిడ్జ్ కొండదారిలో

షార్లెట్ నుంచి వాయవ్యంగా ఓ రెండు గంటలు పోతే బ్లోయింగ్ రాక్ అనే చిన్న ఊరొస్తుంది. అక్కడ బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఎక్కామంటే ఇక ట్రాఫిక్ లైట్లుండవు, పద్దెనిమిది చక్రాల లారీలుండవు, హోర్డింగులుండవు. వర్జీనియాలో షెనండోవా నేషనల్ పార్కు దక్షిణపు కొస నుంచి నార్త్ కెరొలైనాలో చెరొకీ దాకా 469 మైళ్ళు, కొండల నెత్తిమీదుగా పోయే రోడ్డది. 1935లో పని మొదలైతే, గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ పక్కన లిన్ కోవ్ వంతెన దగ్గర చివరి ముక్క కలిసి 1987కి గాని పూర్తికాలేదు. వేగం గంటకి 45 మైళ్ళు దాటకూడదు. కారులో వెళ్తే పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు. మోటార్ సైకిల్ మీద వెళ్తే మాత్రం తిరుమల ఘాట్ రోడ్డు రోజంతా అయిపోకుండా సాగుతున్నట్టు ఉంటుంది.

ఈ దారి మీద మోజుతోనే నేనూ, మా మిత్రుడొకడూ నలభై దాటాక మళ్ళీ మోటార్ సైకిళ్ళు కొన్నాం. కాలేజీ రోజుల్లో విజయవాడ బెంజి సర్కిల్లో హవాయి చెప్పులు, అరచేతుల చొక్కాతో బండి నడిపినవాళ్ళమే ఇద్దరమూ. ఇక్కడ లైసెన్సు కోసం వారాంతపు క్లాసుకి వెళ్తే, చేతులు పూర్తిగా కప్పే చొక్కా, చీలమండ దాటే బూట్లు, గ్లౌజులు లేకుండా బండే ఎక్కనివ్వలేదు. దాంతో కొత్త చర్చ మొదలైంది. తోలుదా, గుడ్డదా?

ఇంట్లో "నాకో జాకెట్ కొనాలి" అంటే, అప్పుడే గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ తెల్లబోయి చూసింది. ఆవిడకి జాకెట్టంటే చీర మీదకి వేసుకునేదే మరి! అందుకే మా ఇంట్లో అది కోటుగా స్థిరపడింది.

తోలు కోటు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే చరిత్రంతా దానిదే. న్యూయార్క్‌లో అర్వింగ్ షాట్ అనే ఆయన 1928లో పక్కకి జిప్పు ఉన్న మోటార్ సైకిల్ కోటు తయారుచేసి, తనకిష్టమైన చుట్ట పేరు మీద దానికి పర్ఫెక్టో అని పేరు పెట్టాడు. 1953లో మార్లన్ బ్రాండో 'ది వైల్డ్ వన్' సినిమాలో అలాంటిదే వేసుకోవడంతో అది కుర్రకారు యూనిఫారం అయిపోయింది. కానీ మాల్‌లో అమ్మే ఫ్యాషన్ తోలు వేరు, రోడ్డు కోసం చేసింది వేరు. రెండోది ఒక మిల్లీమీటరు పైన, సాధారణంగా 1.2 నుంచి 1.4 దాకా మందం ఉంటుంది. కుట్లు రెండు మూడు వరసలు వేస్తారు. పడి రోడ్డు మీద రాసుకుపోతున్నప్పుడు ముందు విడిపోయేది చాలాసార్లు తోలు కాదు, కుట్టు.

గుడ్డ కోటు పెద్ద కథేమీ లేనిది, కాని ఉపాయమంతా దాంట్లోనే ఉంది. మిన్నెసోటాలో డులూత్ అనే చలి ఊళ్ళో ఆండీ గోల్డ్‌ఫైన్ అనే ఆయన 1980ల్లో, ఆఫీసు బట్టల మీదే తొడుక్కుని, ఆఫీసులో విప్పి తగిలించుకునే నైలాన్ సూటు తయారుచేశాడు. ఏరోస్టిచ్ అంటే ఇక్కడి పాత రైడర్లందరికీ తెలుసు. కార్డ్యురా లాంటి గట్టి నైలాన్‌ని డెనియర్లలో కొలుస్తారు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెద్దదైతే దారం లావు. వాన ఆపే పొర లోపల విడిగా వేలాడుతుందా, లేక పైగుడ్డకే అతికించి ఉందా అన్నది అడిగి తెలుసుకోవాలి. విడిగా ఉంటే ఒంటికి తడి తగలదు గాని పైగుడ్డ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. అతికించింది ఖరీదెక్కువ.

షాపులో నాకు తోలుదే నచ్చింది. వేసుకుని అద్దంలో చూసుకుంటే పొట్ట కూడా లోపలికి పోయినట్టనిపించింది. సెల్ ఫోన్లో ఫోటో తీసి ఇంటికి పంపితే అమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఒరేయ్ నాన్నా, అది ఆవు తోలా?" అవునమ్మా, మోటార్ సైకిల్ కోట్లలో ఎక్కువ భాగం ఆవు తోలే అన్నాను. "అయితే గరాజ్‌లోనే ఉంచు, దేవుడి గదివైపు తేకు" అంది. కోప్పడలేదు. నేనూ వాదించలేదు. మనసులో మాత్రం వేరే ఆలోచన మెదిలింది. మా ఊళ్ళో తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసి, చెప్పులు కుట్టిన మనుషుల్ని గడప అవతలే నిలబెట్టిన వాళ్ళం, అదే తోలుకి ఇక్కడ నాలుగు వందల డాలర్లు పోసి అద్దం ముందు మురిసిపోతున్నాం. అమ్మ ఆవు గురించి అడిగింది గాని, నాకు ఆ మనుషులే గుర్తొచ్చారు.

నేను చివరికి గుడ్డదే కొన్నాను. కారణం ఆవు కాదు, ఎండ. మా మిత్రుడు తోలుదే కొన్నాడు. 2019 జూన్‌లో ఇద్దరం మూడు రోజులకి బయల్దేరాం.

షార్లెట్‌లో పొద్దున్న పదింటికే 90 డిగ్రీలు. సిగ్నల్ దగ్గర ఆగితే తోలు కోటులో మనవాడు ఇడ్లీ పాత్రలో ఉన్నట్టు ఉడికిపోయాడు. గ్యాస్ స్టేషన్‌లో దాన్ని విప్పి, తాడుతో వెనక సీటుకి కట్టేశాడు. అలా చాలామంది చేస్తారు. కాని కోటు సీటు మీద ఉన్నంతసేపూ అది తోలుదైనా, గుడ్డదైనా, గోనెసంచైనా ఒకటే. కొండెక్కేదాకా అతని వెనకే వెళ్తూ ఆ ముంజేతుల్నే చూస్తూ ఉన్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నవాడు.

మిసిసిపీకి తూర్పున ఎత్తైన శిఖరం మౌంట్ మిచెల్, 6,684 అడుగులు. వెయ్యి అడుగులకి సుమారు మూడున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. గాలి కూడా తోడై పైకొచ్చేసరికి పళ్ళు టకటకలాడాయి. మనవాడు మళ్ళీ తోలు తొడిగాడు, ఇప్పుడది స్వర్గంలా ఉందన్నాడు. గంట తిరక్కుండా పిడుగుల వాన! ఆ రాత్రి యాష్‌విల్ మోటెల్‌లో నా కోటు దులిపి తగిలిస్తే తెల్లారేసరికి ఆరిపోయింది. అతనిది నీళ్ళు తాగిన గేదెలా బరువెక్కి, మర్నాడు కూడా చెమ్మగానే ఉంది. హీటర్ దగ్గర పెట్టబోతే వద్దన్నాను. వేడికి తోలు బిగుసుకుపోయి పగుళ్ళిస్తుంది, నీడలో మెల్లగానే ఆరాలి.

ఇంతవరకూ చదివితే గుడ్డే గెలిచిందనుకుంటారు. మూడో రోజు కథ వేరు. టెనెసీ సరిహద్దులో డీల్స్ గ్యాప్ దగ్గర యూ.ఎస్. 129 రోడ్డుకి 11 మైళ్ళలో 318 మలుపులు. 'టెయిల్ ఆఫ్ ది డ్రాగన్' అంటారు. అక్కడ ఓ చెట్టుకి, పడిన బండ్ల ముక్కలన్నీ తోరణాల్లా వేలాడదీసి ఉంటాయి. మలుపుల దగ్గర కూర్చుని ఫోటోలు తీసి అమ్మేవాళ్ళూ ఉంటారు. దాన్ని క్షేమంగా దాటాం. మధ్యాహ్నం, రద్దీ తక్కువైన చెరోహాలా స్కైవే మీద, కొండ మీంచి రాలిన సన్నకంకర మలుపులో పరుచుకుని ఉంది. మనవాడి ముందు చక్రం జారింది. వేగం ముప్ఫైకి మించలేదు. పక్కకి పడి రోడ్డు మీద పది పన్నెండు అడుగులు జారాడు. నేను బండి ఆపి పరుగెత్తేసరికి లేచి కూర్చున్నాడు. భుజం నుంచి మోచేతి దాకా తోలు తెల్లగా గీరుకుపోయింది, కాని చిరగలేదు. లోపల చర్మం దోక్కుపోలేదు. వాళ్ళావిడకి ఫోన్ చేసి ముందు "ఏమీ కాలేదు" అని చెప్పి, ఆ తర్వాతే ఏం జరిగిందో చెప్పాడు.

మందపాటి తోలుకి ఆ గుణం ఉంది. నైలాన్ రాపిడికి వేడెక్కితే కరుగుతుంది. అయినా "తోలు" అనో "మోటార్ సైకిల్ కోటు" అనో అట్ట మీద రాసినంత మాత్రాన నమ్మకూడదు. ఆస్ట్రేలియాలో నిజంగా ప్రమాదాలైన రైడర్లని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మోటార్ సైకిల్ కోసమే చేసిన కోట్లలోనే పదింట దాదాపు మూడు ప్రమాదంలో చిరిగిపోవడమో, కుట్లు వీడడమో జరిగిందని తేలింది. అమెరికాలో హెల్మెట్‌కి డి.ఓ.టి. ప్రమాణం ఉంది గాని కోటుకి ఏ ఫెడరల్ ప్రమాణమూ లేదు. యూరప్ వాళ్ళ ఇ.ఎన్. 17092 గుర్తు ఉందేమో లోపలి చీటీ మీద చూడండి. ఎ.ఎ.ఎ. అన్నిటికన్నా గట్టిది, తర్వాత ఎ.ఎ., ఆ తర్వాత ఎ. వేసవికి జల్లెడలా ఉండే మెష్ కోట్లు చాలావరకు ఆ ఒంటి 'ఎ' తరగతిలోవే. మోచేతులకి, భుజాలకి ప్యాడ్లు ఉన్నాయో లేదో చూడండి. వీపుకి చాలా కోట్లలో ఉత్త ఫోమ్ ముక్క పెట్టి అమ్ముతారు, మంచిది విడిగా కొనుక్కోవాలి. షాపులో నిలబడి కాదు, బండి మీద కూర్చుని చేతులు చాపి చూసుకోండి. మణికట్టు బయటికొస్తే, మోచేతి ప్యాడ్ పక్కకి తిరిగితే ఆ సైజు మీది కాదు.

నన్నడిగితే, జూలైలో జార్జియా, కెరొలైనాల్లో తిరిగేవాళ్ళకి గాలాడే గుడ్డ కోటే చెబుతాను. వేసవి తక్కువగా ఉండే చోట, వాన లేని రోజుల్లో నడిపేవాళ్ళు తోలు కొనుక్కోవచ్చు.

2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను పార్క్‌వేని చాలాచోట్ల కోసేసింది. ఆ తర్వాత ముక్క ముక్కగా తెరుస్తూ వచ్చారు. బయల్దేరే ముందు పార్కు సర్వీసు వాళ్ళ మూసివేతల వివరాలు చూసుకోండి. మా మిత్రుడు ఆ గీరుకుపోయిన కోటే ఇప్పటికీ వేసుకుంటున్నాడు. దాని మీద తొడుక్కోడానికి ఓ పల్చటి వాన కోటు కొన్నాడు. గ్యాస్ స్టేషన్‌లో మాత్రం ఇప్పుడు కోటు విప్పడు, చల్లటి నీళ్ళ సీసా మెడ మీద ఒంపుకుంటాడు.