బంతి మారిన ప్రతిసారీ... ఆ ఊరు మళ్లీ పని నేర్చుకోవాలి!

ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఏ దేశంలో జరిగినా టీవీలో మనకు కనిపించేవి స్టేడియాలు, జెర్సీలు, స్టార్లు. వాళ్ల కాళ్ల దగ్గర దొర్లే బంతి ఎక్కడ పుట్టిందో ఎవరైనా ఆలోచించారా? 2014లో బ్రెజిల్‌లో ఆడిన ‘బ్రజుకా’, 2018లో రష్యాలో ఆడిన ‘టెల్‌స్టార్ 18’, 2022లో ఖతార్‌లో ‘అల్ రిహ్లా’, 2026 కప్పు కోసం చేసిన ‘ట్రయోండా’... వీటి మీద బ్రాండు జర్మనీకి చెందిన అడిడాస్‌ది. బంతి పుట్టినూరు మాత్రం పాకిస్థాన్ పంజాబ్‌లోని సియాల్‌కోట్.

మన జమ్మూ నుంచి చూస్తే ఈ ఊరు 50 కిలోమీటర్లు కూడా ఉండదు. 1947కి ముందు జమ్మూకి, సియాల్‌కోట్‌కి మధ్య రైలు నడిచేది. ఇప్పుడు మధ్యలో సరిహద్దు. మనం వెళ్లి చూడటం కష్టమే కానీ, ఆ ఊరి కథ తెలుసుకోవడానికి వీసా అక్కర్లేదు కదా!

సొంత డబ్బుతో ఎయిర్‌పోర్టు

సియాల్‌కోట్ పాత ఊరు. కంటోన్మెంట్ బజారులో బ్రిటిష్ కాలం నాటి గడియార స్తంభం ఉంటుంది. ‘తరానా-ఎ-హిందీ’ రాసిన కవి ఇక్బాల్ 1877లో పుట్టింది ఇక్కడే. ఆయన ఇల్లు ‘ఇక్బాల్ మంజిల్’ని ఇప్పటికీ చూడొచ్చు. మన ప్రముఖ జర్నలిస్టు కుల్‌దీప్ నయ్యర్ కూడా ఈ ఊళ్లోనే పుట్టారు.

ఈ ఊరికి అసలు పేరు తెచ్చింది మాత్రం చేతిపని. ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లు వాడే కత్తెరలు, పట్టకార్లు, తోలు గ్లవ్స్, హాకీ స్టిక్కులు... అన్నీ ఇక్కడ చేస్తారు. వాటిని విదేశాలకు పంపడానికి విమానాశ్రయం కావాలి. ప్రభుత్వం కట్టేదాకా ఎదురుచూడకుండా వ్యాపారులే డబ్బులేసుకుని ఎయిర్‌పోర్టు కట్టేశారు. 2007లో అది మొదలైంది. తర్వాత ‘ఎయిర్‌సియాల్’ అని ఏకంగా విమానాల కంపెనీయే పెట్టేశారు!

ఇక ఫుట్‌బాల్ సంగతి. బ్రిటిష్ సైనికులు ఆడుకుంటుంటే బంతి చిరిగిపోయిందట. చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్తే శుభ్రంగా బాగుచేసి ఇచ్చాడట. ఆ పనితనం చూసి కొత్త బంతులు కూడా అతణ్నే కుట్టమన్నారట. ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ఎంత నిజమో గానీ, ప్రపంచంలో చేత్తో కుట్టే ఫుట్‌బాళ్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రాంతం నుంచే వెళ్తాయన్నది మాత్రం నిజం.

32 ముక్కలు, 90 కుట్లు

ఫుట్‌బాల్ బొమ్మ గీయమంటే మనందరం నలుపు, తెలుపు గళ్ల బంతినే గీస్తాం. అది 1970 మెక్సికో కప్పులో వచ్చిన ‘టెల్‌స్టార్’. అప్పట్లో చాలా ఇళ్లలో బ్లాక్ అండ్ వైట్ టీవీలే. తెరమీద బంతి స్పష్టంగా కనిపించాలని ఆ డిజైన్ చేశారు. ఐదు భుజాల ముక్కలు 12, ఆరు భుజాలవి 20. మొత్తం 32 ముక్కలు. వాటిని కలపాలంటే 90 అంచులు కుట్టాలి.

సియాల్‌కోట్ చుట్టుపక్కల పల్లెలకు అన్నం పెట్టింది ఆ 90 అంచులే. మోకాళ్ల మధ్య చెక్క బిగింపు పెట్టుకుని, మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, లోపలివైపు నుంచి కుట్టుకుంటూ వస్తారు. చివర్లో బంతిని తిరగేస్తే కుట్లన్నీ లోపలికి పోతాయి. చెయ్యి తిరిగినవాళ్లకైనా ఒక్క బంతికి మూడు గంటలు పడుతుంది. 1982 స్పెయిన్ ప్రపంచకప్‌లో ఆడిన ‘టాంగో’ బంతులు ఇలా ఇక్కడ కుట్టినవే.

ఆ కుట్ల వెనక చీకటి కూడా ఉంది. ఇంటింటికీ ముక్కలు పంచేవారు కాబట్టి పిల్లలు కూడా సూది పట్టేవారు. 1996లో అమెరికాకు చెందిన ‘లైఫ్’ పత్రిక ఆ ఫొటోలు వేయడంతో ప్రపంచం ఉలిక్కిపడింది. 1997లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్, సియాల్‌కోట్ వాణిజ్య మండలి కలిసి అట్లాంటాలో ఒప్పందం చేసుకున్నాయి. కుట్టుపనిని ఇళ్ల నుంచి తనిఖీలు జరిగే కేంద్రాలకు మార్చారు. పిల్లల చేతికి సూది వెళ్లకుండా చూడటానికి అదే దారి. అయితే ఇల్లు దాటి రాలేని మహిళలు చాలామంది పని పోగొట్టుకున్నారు. తర్వాత వాళ్లకోసం విడిగా కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది.

సూది అక్కర్లేని బంతి

అసలు దెబ్బ 2006లో తగిలింది. జర్మనీ ప్రపంచకప్‌కి వచ్చిన ‘టీమ్‌గైస్ట్’లో ముక్కలు 14 మాత్రమే. పైగా దారమే లేదు! వేడితో అంటించేశారు. కుట్టు లేకపోతే నీళ్లు లోపలికి పోవు, బంతి గుండ్రదనం చెడదు. కంపెనీకి లాభమే. కానీ తరతరాలుగా కుట్టు మీదే బతికిన ఊరి మాటేంటి? ఆ బంతి థాయ్‌లాండ్‌లో తయారైంది. 2010 నాటి ‘జబులాని’ చైనాలో తయారైంది. అందులో ముక్కలు ఎనిమిదే.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. దక్షిణాఫ్రికాలో జబులాని గాల్లో వంకర్లు పోతుంటే గోల్‌కీపర్లు గగ్గోలు పెట్టారు. నాసా శాస్త్రవేత్తలు ఆ బంతిని పరీక్షించారు. క్రికెట్ బంతికి సీమ్ ఎందుకు ముఖ్యమో మనకు తెలుసు కదా, ఇదీ అలాంటిదే. బంతి మీద గాడులు ఉంటే గాలి దాన్ని కాసేపు అంటిపెట్టుకుని వెళ్తుంది, బంతి నిలకడగా పోతుంది. మరీ నున్నగా ఉంటే గాలి ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట విడిపోతుంది. జబులాని గంటకు 80-90 కిలోమీటర్ల వేగంలో, అంటే సరిగ్గా ఫ్రీకిక్ వేగంలో, ఇలా ఊగిపోయేది.

అందుకే 2014లో బ్రజుకాకి ముక్కలు ఆరుకి తగ్గించినా గాడిని పెంచారు. జబులానిలో అంచుల మొత్తం పొడవు 203 సెంటీమీటర్లు, లోతు అర మిల్లీమీటరు కూడా లేదు. బ్రజుకాలో పొడవు 327 సెంటీమీటర్లు, లోతు ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఒక్కమాటలో చెప్పాలంటే, సూదీ దారం వద్దనుకున్న డిజైనర్లు అవి మిగిల్చిన గాడిని మాత్రం వదులుకోలేకపోయారు!

ఆ బ్రజుకాతోనే సియాల్‌కోట్‌కి మళ్లీ తలుపు తెరుచుకుంది. చైనా ఫ్యాక్టరీ గిరాకీకి సరిపడా బంతులు ఇవ్వలేకపోవడంతో సియాల్‌కోట్‌లోని ‘ఫార్వర్డ్ స్పోర్ట్స్’ కంపెనీ ముందుకొచ్చింది. నెల రోజులు కాస్త దాటేలోపే కొత్త లైన్ సిద్ధం చేసేసింది. కత్తిరించిన సింథటిక్ ముక్కల అంచులకు జిగురు పూసి, లోపలి గోళం మీద అమర్చి, వేడి అచ్చులో బిగిస్తారు. ఈ లైన్లలో మహిళలు కూడా పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. తర్వాత పరీక్షలు. ఫిఫా నిబంధన ప్రకారం బంతిని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఉక్కు పలక మీదికి 2,000 సార్లు కొట్టినా ఆకారం చెడకూడదు.

నాలుగు ముక్కల కాలం

ట్రయోండాలో ముక్కలు నాలుగే. ప్రపంచకప్ బంతుల్లో ఇంత తక్కువ ఎప్పుడూ లేవు. అయినా గాడులు కావాలనే లోతుగా పెట్టారు. ఒక ముక్క లోపల సెన్సర్ ఉంటుంది. బంతి కదలికల్ని సెకనుకు 500 సార్లు పంపుతుంది. బరువు ఒకవైపుకి ఒరగకుండా మిగతా మూడు ముక్కల్లోనూ సమతూకం పెట్టారు. మన ఫోన్‌లాగే దానికీ ఛార్జింగ్ పెట్టాలి!

మరి సూది పట్టినవాళ్లు? వాళ్లు ఇంకా ఉన్నారు. ప్రాక్టీసు బంతులు, స్కూలు బంతులు ఇప్పటికీ చేత్తో కుడుతున్నారు. 2022లో వచ్చిన వార్తా కథనాల ప్రకారం ఒక్క బంతికి వచ్చే కూలి 160 పాకిస్థాన్ రూపాయలు. రోజుకి మూడు బంతులు కుడితే గొప్ప. బంతి డిజైన్ మారితే ఫ్యాక్టరీ కొత్త మెషీన్ కొనుక్కుంటుంది. నలభై ఏళ్లు సూది పట్టిన చేతికి అంత తేలిగ్గా కొత్త పని దొరకదు. కొత్త బంతి విడుదల వేడుకలో రంగుల గురించి, చిప్ గురించి గంటలు గంటలు చెప్తారు. ఈ చేతుల గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. దేశ విభజనప్పుడు సియాల్‌కోట్ నుంచి వచ్చేసిన హిందూ, సిక్కు పనివాళ్లూ వ్యాపారులే జలంధర్, మీరట్‌లలో ఆట వస్తువుల పరిశ్రమకు ప్రాణం పోశారు. మన టెస్టు మ్యాచ్‌ల్లో వాడే ‘ఎస్‌జీ’ బంతి కంపెనీ కూడా 1931లో సియాల్‌కోట్‌లో మొదలై మీరట్ చేరిందే. అంటే ఉప్పల్ స్టేడియంలో బౌలర్ వేళ్లతో పట్టుకునే సీమ్‌కీ ఆ ఊరికీ చుట్టరికం ఉందన్నమాట.

ఈసారి గ్రౌండ్‌కి వెళ్లినప్పుడు మీ ఫుట్‌బాల్‌ని ఒక్క నిమిషం చేతిలోకి తీసుకుని చూడండి. ముక్కల మధ్య దారం కనిపిస్తే, అది ఎవరో ఒకరు కూర్చుని కుట్టిన బంతి కావచ్చు. ఆ 90 అంచుల మీద వేలు పెట్టి ఒకసారి తడిమి, అప్పుడు కిక్ కొట్టండి.