దుఃఖం ఎవరిది? బొమ్మ ఎవరిది?

పెద్ద విషాదం జరిగినప్పుడు కవి కవిత రాస్తాడు, చిత్రకారుడు బొమ్మ వేస్తాడు, గాయకుడు పాట కడతాడు. తన గుండె బరువు దించుకోవడానికి అతనికి తెలిసిన దారి అదే. కానీ, అయినవాళ్లను పోగొట్టుకున్నవారికి ఆ బొమ్మ, ఆ పాట ఎలా కనిపిస్తాయి? ఎలా వినిపిస్తాయి? 2001 సెప్టెంబరు 11 తర్వాత న్యూయార్క్‌లో ఈ ప్రశ్న చాలామందిని నిలదీసింది.

ఆ దాడుల్లో ఒక్క వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గరే 2,753 మంది చనిపోయారు. సరిగ్గా ఏడాదికి, 2002 సెప్టెంబరులో, అదే నగరంలోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో ఒక కంచు విగ్రహం పెట్టారు. జనం వచ్చేపోయే దారిలో, కింది అంతస్తులో. ఒంటిమీద బట్టల్లేని ఒక స్త్రీ... పైనుంచి పడుతూ నేలను తాకుతున్న క్షణం. తల, భుజం నేలకు ఆనుతుంటే కాళ్లు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఒక చెయ్యి మాత్రం ఎవరైనా పట్టుకుంటారేమో అన్నట్టు చాచి ఉంది.

దాని పేరు ‘టంబ్లింగ్ ఉమన్’. చేసినవాడు ఎరిక్ ఫిషల్. అమెరికాలో పేరున్న చిత్రకారుడు, న్యూయార్క్‌లోనే పుట్టినవాడు. ఆ రోజు టవర్లలో ఆయన స్నేహితుడు ఒకరు చనిపోయారు. కాబట్టి ఎక్కడో దూరాన కూర్చుని ఊహించి చేసిన పని కాదది. పోయిన మిత్రుడికి ఆయన పెట్టుకున్న కన్నీటి బొట్టు.

కానీ దారిన పోయేవాళ్లకు అందులో మిత్రుడు కనిపించలేదు. ఏడాది కిందట టవర్ల పై అంతస్తుల్లో మంటలకు, పొగకు తట్టుకోలేక కిటికీల్లోంచి పడిపోయినవాళ్లే కనిపించారు. ఫిర్యాదులు మొదలయ్యాయి. ‘న్యూయార్క్ పోస్ట్’ పత్రికలో ఓ కాలమిస్టు ఘాటుగా విమర్శించారు. వారం, పది రోజులైనా గడవకముందే విగ్రహానికి గుడ్డ కప్పి, చుట్టూ తెర కట్టేశారు. ఆ తర్వాత అక్కడినుంచి తీసేశారు. రాక్‌ఫెల్లర్ సెంటర్ వారు క్షమాపణ చెప్పారు. ఎవరినీ నొప్పించాలన్నది తన ఉద్దేశం కాదని శిల్పి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఎవరిది తప్పు?

ఫిషల్‌ది అనడం తేలిక. జనానిది అనడం ఇంకా తేలిక. నిజానికి ఇద్దరూ ఏడుస్తున్నవాళ్లే.

ఆ పడిపోయినవాళ్ల గురించి అమెరికాలో మాట్లాడటానికే భయపడిన రోజులవి. అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ డ్రూ ఆ ఉదయం 9 గంటల 41 నిమిషాలకు తీసిన ఒక ఫొటో ఉంది. ఒక మనిషి తలకిందులుగా, నిటారుగా, గాలిలో. మర్నాడు చాలా పత్రికలు దాన్ని అచ్చేశాయి. పాఠకులు మండిపడ్డారు. చనిపోతున్న మనిషి ఏకాంతాన్ని కూడా వదలరా అని తిట్టారు. దాంతో ఆ ఫొటో చాలా పత్రికల్లో మళ్లీ కనిపించలేదు.

‘దూకారు’ అన్న మాటే కొన్ని కుటుంబాలకు ముల్లులా గుచ్చుకుంది. దూకడమంటే చావును కోరుకోవడమే కదా! మా మనిషి అలాంటివాడు కాదని వాళ్ల బాధ. న్యూయార్క్ వైద్యాధికారులు కూడా ఆ మాట వాడలేదు. మంటలు, పొగ వాళ్లను బయటకు నెట్టాయని, అవి ఆత్మహత్యలు కావని, హత్యలేనని రాశారు. ఇంత సున్నితమైన గాయం మీదకు, ఏడాది తిరగ్గానే, మధ్యాహ్నం భోజనానికి వెళ్లేవాళ్ల దారిలోకి ఆ విగ్రహం వచ్చింది. చూడాలా వద్దా అని నిర్ణయించుకునే వీలు కూడా లేకుండా!

పాటలకూ తప్పలేదు

దాడులు జరిగిన కొద్ది రోజులకే అమెరికాలోని క్లియర్ ఛానల్ అనే పెద్ద రేడియో సంస్థలో ఒక జాబితా చక్కర్లు కొట్టింది. ఇప్పుడు వినిపిస్తే బాగుండదనిపించే పాటల జాబితా అది. దాదాపు 160 పాటలున్నాయి. శాంతి కోరుతూ జాన్ లెనన్ పాడిన ‘ఇమాజిన్’ కూడా వాటిలో ఉంది! చిత్రమేమిటంటే, సెప్టెంబరు 21న బాధితుల సహాయం కోసం టీవీ ఛానళ్లన్నీ కలిసి ప్రసారం చేసిన కార్యక్రమంలో నీల్ యంగ్ పాడింది ఆ పాటనే. ఒకచోట వద్దనుకున్న పాటే ఇంకోచోట ఓదార్పు అయింది.

ఆర్ట్ స్పీగల్‌మన్ కథ మరొకటి. యూదుల ఊచకోతనుంచి బతికి బయటపడిన తన తండ్రి జీవితాన్ని ‘మౌస్’ పేరుతో బొమ్మల కథగా గీసి, 1992లో పులిట్జర్ బహుమతి అందుకున్న కళాకారుడాయన. టవర్లకు దగ్గర్లోనే ఆయన ఇల్లు. కూతురి బడి అయితే ఇంకా దగ్గర. ఆ ఉదయం భార్యతో కలిసి బిడ్డకోసం పరుగెత్తాడు. ‘న్యూయార్కర్’ పత్రికకు ఆయన ఇచ్చిన ముఖచిత్రంలో నల్లటి కాగితం మీద నల్లటి టవర్లు... అంతే! అందరూ మెచ్చుకున్నారు. కానీ ఆ తర్వాత తన భయాన్నీ, ప్రభుత్వం మీద కోపాన్నీ కలిపి పెద్ద పెద్ద పేజీల్లో బొమ్మల కథ గీస్తే, అమెరికాలోని పెద్ద పత్రికలు ముందుకు రాలేదు. జర్మనీ పత్రిక ‘డీ జైట్’ వేసుకుంది. 2004లోగానీ అది అమెరికాలో పుస్తకంగా రాలేదు. కన్నీళ్లు పెట్టుకుంటే అర్థం చేసుకున్న లోకం, కోపం చూపిస్తే మొహం చాటేసింది.

అడిగి పాడినవాడు

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కు జనం కోపం కొత్త కాదు. 1999లో న్యూయార్క్ పోలీసుల కాల్పుల్లో ఆయుధం లేని ఓ నల్లజాతి యువకుడు చనిపోయాడు. పోలీసులు పేల్చిన తూటాలు 41. దానిమీద 2000లో ఆయన పాట పాడితే, ఆయన కచేరీలను బహిష్కరించాలని పోలీసుల సంఘం పిలుపిచ్చింది. రెండేళ్లు తిరిగాయి. 2002 జులైలో ‘ద రైజింగ్’ అనే ఆల్బమ్ తెచ్చాడు. మెట్లెక్కుతూ మంటల్లోకి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది, ఇంటిదగ్గర ఎదురుచూస్తూ మిగిలిపోయిన భార్యలు అందులో ఉన్నారు. దుఃఖాన్ని అమ్ముకుంటున్నాడన్నవారూ లేకపోలేదు. కానీ ఎక్కువమంది దాన్ని తమ పాటగా చేసుకున్నారు.

ఆ పాటల వెనక ఒక సంగతుంది. చనిపోయినవారి గురించి ‘న్యూయార్క్ టైమ్స్’ రోజూ చిన్న చిన్న పరిచయాలు ప్రచురించేది. కొందరి పరిచయాల్లో, స్ప్రింగ్‌స్టీన్ పాటలంటే ప్రాణమని ఉండేది. అది చూసి ఆయన కొందరి భార్యలకు స్వయంగా ఫోన్ చేశాడు. పోయినవాళ్లు ఎలాంటివాళ్లో చెప్పమని అడిగాడు, విన్నాడు. మాట్లాడటానికి ముందు వినడం... బహుశా తేడా అక్కడే ఉంది.

మన ఊళ్లలో పరామర్శకు వెళ్లేవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. మొదటిరోజు ఎవరూ పెద్దగా మాట్లాడరు. పక్కన కూర్చుంటారు, కాసేపుండి లేస్తారు. పెద్దకర్మ నాటికి ఇంట్లోవాళ్లే మొదలుపెడతారు. చివరిసారి ఏం తిన్నాడు, ఎవరిని కలవరించాడు అని. అప్పుడు వచ్చినవాళ్లూ తమకు తెలిసిన నాలుగు ముచ్చట్లు చెబుతారు. అవే మాటలు మొదటిరోజు బయటివాళ్లు ఎత్తితే అందరూ వింతగా చూస్తారు. మాట అదే. సమయమే వేరు.

కప్పడం వేరు... కాల్చడం వేరు

అలాగని, జనానికి నొప్పి కలుగుతుందంటూ బొమ్మలన్నీ దాచేయాలా? దానికి మన దేశంలోనే ఒక జవాబుంది. 1943లో బెంగాల్ కరవును చూడటానికి చిత్రకారుడు చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో తిరిగాడు. ఎముకల గూళ్లలాంటి మనుషులను నల్ల సిరాతో గీశాడు. ‘హంగ్రీ బెంగాల్’ పేరుతో పుస్తకం వేస్తే, బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులను పట్టుకుని తగలబెట్టింది. కుటుంబం దాచుకున్న ఒక్క ప్రతి మిగలడం వల్లే ఆ బొమ్మలు ఈనాటివారికి తెలిశాయి. అక్కడ అభ్యంతరం చెప్పింది ఆకలితో అలమటించినవాళ్లు కాదు, ఆ ఆకలికి జవాబు చెప్పాల్సినవాళ్లు. న్యూయార్క్‌లో కళ్లు మూసుకున్నవాళ్లు గాయపడినవాళ్లు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేం. ‘ఈ బొమ్మ వద్దు’ అని ఎవరైనా అంటే, ముందు చూడాల్సింది ఆ అంటున్నది ఎవరన్నదే.

ఫిషల్ విగ్రహం శాశ్వతంగా మూలన పడలేదు. 2016లో, దాడులకు పదిహేనేళ్లు నిండిన సందర్భంలో, టవర్లు కూలిన చోటే కట్టిన 9/11 స్మారక మ్యూజియం కళాకారుల స్పందనలతో ఒక ప్రదర్శన పెట్టింది. అందులో ‘టంబ్లింగ్ ఉమన్’కూ చోటిచ్చింది. విగ్రహం మారలేదు. దాన్ని చూడటానికి సిద్ధపడి వచ్చిన మనుషులు మాత్రం ఈసారి ఉన్నారు.

ఏడ్చే హక్కు అందరికీ ఉంది, కళాకారుడికి కూడా. అయితే, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు ఇంకో హక్కుంది... కాస్త ఆగమని చెప్పే హక్కు. ఆగమన్న మాటను వద్దన్న మాటగా తీసుకోకపోవడం కళాకారుడి ఓర్పు. ఎప్పటికో ఒకనాటికి తల తిప్పి ఆ బొమ్మవైపు చూడటం... అది జనం ధైర్యం.