భిలాయి-3 పెరట్లో ఏ కోడి?

రాయపూర్ నుంచి దుర్గ్ వైపు ప్రయాణించేవారికి భిలాయి అనగానే ఉక్కు కొలుములూ, పొగగొట్టాలూ మనసులో మెదలడం సహజమే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా మొదటి కొలిమి ప్రారంభమైన కర్మాగారం అది. అయితే కర్మాగారం రాకముందే, చరోదా రైల్వే యార్డు పక్కన, పేరుకు అంకె తగిలించుకొన్న భిలాయి-3 వస్తుంది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా సాగే విజయనగరం–రాయపూర్ మార్గాన బతుకుతెరువు వెతుక్కొంటూ వచ్చి, ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వారు వెంట తెచ్చుకొన్న అలవాట్లలో పెరట్లో నాలుగు కోళ్లు ఉంచుకోవడం ఒకటి.

మా పెదనాన్నగారి అబ్బాయి రైల్వే ఉద్యోగం విరమించి ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకొన్నాడు. వెనుక జామచెట్టు, రేకుల పాక, అడ్డకంచె. గుడ్లు అమ్మి కూరగాయల ఖర్చు వెళ్లదీసుకోవాలని వదినగారి కోరిక. గత చలికాలంలో కొక్కెర తెగులు సోకి, పద్దెనిమిది కోళ్లలో ఒక్క పెట్ట మాత్రమే మిగిలింది. మళ్లీ ఇరవై పిల్లలకు సరిపడే డబ్బు కూడబెట్టి, నేను వెళ్లిన రోజున ఆమె నన్నే అడిగారు.

"బాబూ, కోళ్ల పుస్తకాలు తెలుగులోకి మార్చావంట గదా. ఏ జాతి తెచ్చుకోవాలో చెప్పు."

ఇంగ్లీషు సాహిత్యం చదివినవాడికి చాసర్ కథలోని గర్విష్ఠి పుంజు తెలుస్తుంది గాని, దాణా ఖర్చు తెలియదు. అనువాదం పుణ్యమా అని ఆ లోటు నాకు కొంత తీరింది.

గుడ్లే కావాలంటే వైట్ లెగ్‌హార్న్‌కు సాటి లేదు. మంచి పోషణలో ఏడాదికి 280కి పైగా పెడుతుంది. కాని అది కొలిచి పోసిన దాణా తిని పంజరంలో బతకడానికి తీర్చిన పక్షి. తెల్లని ఈకలు గద్దకు దూరం నుంచే కనిపిస్తాయి. పెరటికి రంగు ఈకలే మేలన్న ఆలోచనతో హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది. వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికివచ్చేది. పెరటి పెంపకంలో ఏడాదికి నూరు, నూటపది గుడ్లు. గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకే. 160 నుంచి 180 వరకు పెడుతుంది. నాటుపెట్ట పెట్టేవి కొన్ని పదులే. ఈ లెక్క చూసినవారెవరైనా నాటుకోడికి స్వస్తి చెబుతారు.

అయితే ఈ లెక్కకు అందని సంగతి ఒకటి ఉన్నది. ఎక్కువ గుడ్లు పెట్టేలా తీర్చిన కోడికి పొదిగే బుద్ధి నశిస్తుంది. ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చొనే పెట్ట ఈ కాలంలో ఎంత గుడ్డు నష్టమో ఊహించండి. ఆ నష్టాన్ని తొలగించే ప్రయత్నంలో తల్లితనమే తొలగిపోయింది. పైగా వనరాజా వంటి సంకర జాతుల సంతానానికి తల్లిదండ్రుల గుణాలు యథాతథంగా రావు. కాబట్టి వాటిని పెంచేవారు పిల్లల కోసం ప్రతిసారీ హేచరీ ముందు నిలబడాలి. మిగిలిన ఆ ఒక్క పెట్టను వదినగారు అమ్మనిదెందుకో నాకు అప్పుడు బోధపడింది. చూపులో కోపం, కాళ్లలో బలం, నెత్తిన చిన్న తురాయి: అది అసిల్ రక్తమే. ఆ జాతికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర ప్రాంతాలే పుట్టినిల్లు. కాకి, డేగ, నెమలి, సేతువ అని మనవారు రంగును బట్టి దాని పుంజులకు పేర్లు పెట్టి, పందేల కోసమే గుర్తుంచుకొన్నారు. పెట్ట ప్రతిభను ఎవరూ పాటగా కట్టలేదు.

కడక్‌నాథ్ సంగతి కూడా వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువాకు చెందిన ఈ నల్లమాంసపు కోడికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. దానికి ధర ఉన్నమాట నిజమే గాని, గుడ్లు అంతంతమాత్రమే. పైగా సంకరాలను అదే పేరున అంటగట్టేవారున్నారు. ఇరవై పిల్లల పెట్టుబడిలో ఈ ప్రయోగం వద్దన్నాను.

"మరి ఆ తెగులో? నాటుకోడికి ఏ రోగమూ రాదంటారు గదా," అన్నారు వదినగారు.

ఆ నమ్మకమే పద్దెనిమిదిలో పదిహేడింటిని తీసుకుపోయింది. కుమావూ కొండల్లోని రాణీఖేత్ పేరు మోసే ఈ వైరస్ జాతి చూడదు. మొదటి వారంలో లసోటా చుక్క, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది: ఇవి తప్పవు. పైగా చలికాలంలో పిల్లలకు మొదటి నెలంతా బల్బు వెచ్చదనం కావాలి. వేసవి ఎండ నలభై అయిదు డిగ్రీలకు చేరే ఈ నేలలో పెద్దకోళ్లకు కావలసినది నీడ, చల్లని నీరు. చెమట పట్టని ప్రాణులు అవి. నోరు తెరిచి రొప్పుతూ తిండి తగ్గిస్తాయి, పెంకు పలచబడుతుంది. గుడ్డు పెంకు దాదాపు అంతా సున్నపు పదార్థమే. ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి నందినీ గనుల నుంచి వస్తుంది. పెట్టకు గుల్ల పొడి మనమే వేయాలి.

చివరకు వదినగారు తమ లెక్క తామే కట్టారు. పదిహేను గ్రామప్రియ పిల్లలు గుడ్లకు. అయిదు వనరాజా పండక్కి. అసిల్ పెట్ట ఉంటుంది, దానికి జోడుగా ఊరి సంతలో అదే జాతి పుంజును చూస్తారు, రంగుపిల్లల గుంపులో కలవకుండా వేరే గంపలో కట్టేస్తారు. గ్రామప్రియ గుడ్లు కొన్ని దాని కింద పెట్టి పొదిగించాలని అన్నయ్య ఉత్సాహపడ్డాడు గాని, "దాని గుడ్లు దాన్నే పొదగనీ," అని ఆమె ఒక్క మాటతో తేల్చేశారు. వంటింటి కేలండరులో టీకాల తేదీల కింద ఎర్రసిరా గీతలు గీశారు.