గిటార్ మోడలర్‌కు సరిపడే బాక్సు: కోఠీలో ఒక స్పీకర్ల వర్క్‌షాపు

గిటార్ మోడలర్ మూడు వస్తువులను లెక్కల రూపంలో అనుకరిస్తుంది: ఆంప్లిఫయర్, దాని స్పీకర్ క్యాబినెట్, ఆ క్యాబినెట్ ముందు నిలబెట్టిన మైకు. 1995లో రోలాండ్ వీజీ-8, 1998లో లైన్ 6 పాడ్ ఈ పద్ధతిని సంగీతకారుల చేతికి తెచ్చాయి. 2006లో ఫ్రాక్టల్ ఆడియో యాక్స్-ఎఫ్ఎక్స్, 2011లో కెంపర్ ప్రొఫైలర్, 2015లో లైన్ 6 హీలిక్స్ వచ్చాక, వాల్వ్ ఆంప్ మోసుకెళ్లకుండానే కచేరీలు చేసే గిటారిస్టులు పెరిగారు. అయితే మోడలర్ ఇచ్చేది విద్యుత్ సిగ్నల్ మాత్రమే. దాన్ని గాలిలో కదలికగా మార్చడానికి ఇంకో పెట్టె కావాలి. ఆంప్లిఫయర్, స్పీకర్ రెండూ ఒకే చోట అమరిన పవర్డ్ క్యాబినెట్ ఆ పని చేస్తుంది. దాన్ని ఎంచుకునే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: వినిపించే స్పీకర్ స్వభావం మోడలర్ నుంచి రావాలా, పెట్టె నుంచి రావాలా? మిగతా నిర్ణయాలన్నీ దీని వెంటే వస్తాయి.

ఈ తేడా కంటికి కనిపించాలంటే స్పీకర్లు విప్పే బల్ల దగ్గర నిలబడాలి. హైదరాబాద్ కోఠీ, గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ దుకాణాల మధ్య, కాలిన కాయిళ్లు, చిరిగిన కోన్లు మార్చే చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. మేం వెళ్లిన వర్క్‌షాపులో బల్ల మీద రెండు 12 అంగుళాల స్పీకర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి గిటార్ ఆంప్ నుంచి తీసింది, రెండోది సభల్లో వాడే పీఏ బాక్సులోది. సైజు ఒకటే అయినా పనితనంలో ఎక్కడా పోలిక లేదు. గిటార్ స్పీకర్ కోన్ పలుచని కాగితం. దాని అంచు కూడా అదే కాగితం, మడతలు మడతలుగా ఫ్రేముకు అతికి ఉంది. వేలితో నొక్కితే కొద్దిగా కదిలి బిగుసుకుంటుంది. పీఏ స్పీకర్ అంచు మందు పూసిన గుడ్డ. కోన్ మందంగా ఉంది, కాయిల్ వెడల్పుగా ఉంది. నొక్కితే లోపలికి చాలా దూరం వెళ్లి నిదానంగా తిరిగొస్తుంది.

గిటార్ స్పీకర్ అలా తయారవడానికి కారణముంది. గిటార్ లావు తీగ మామూలు శ్రుతిలో 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. సన్న తీగ మీద 24వ ఫ్రెట్ దగ్గర పలికే స్వరం 1,319 హెర్ట్జ్. దానికి పైన ఉండేవన్నీ అనుస్వరాలూ, డిస్టార్షన్ పుట్టించే గరుకుదనమూ. సెలెస్షన్ కంపెనీ వింటేజ్ 30 స్పీకర్‌కు ఇచ్చే పరిధి 70 నుంచి 5,000 హెర్ట్జ్. అదే కంపెనీ గ్రీన్‌బ్యాక్‌కు 75 నుంచి 5,000. ఆ పైన ధ్వని నిటారుగా పడిపోతుంది. ఈ లోపం వల్లనే ఎలక్ట్రిక్ గిటార్ వినదగ్గ వాద్యమైంది. డిస్టార్షన్‌లోని పై భాగాన్ని కోన్ మింగేస్తుంది. మధ్యలో, 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో, పలుచని కాగితం ముక్కలుముక్కలుగా కంపించి ఒక ఎత్తును ఇస్తుంది. బ్యాండ్‌లో గిటార్ డ్రమ్స్ మధ్యలోంచి వినపడేది ఆ ఎత్తు వల్లే.

మోడలర్‌లో ఈ వడపోతనంతా ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఆడియో ఫైలు చేస్తుంది. వాడుకలో దాన్ని ఐఆర్ అంటారు. ఒక క్యాబినెట్‌ను పరీక్షా ధ్వనితో మోగించి, మైకు విన్నదాన్ని కొలిచి తీసిన ముద్ర అది. కాబట్టి ఐఆర్ దాటి వచ్చిన సిగ్నల్‌లో స్పీకరూ ఉంది, మైకూ ఉంది. దాన్ని మళ్లీ మామూలు గిటార్ క్యాబినెట్‌లోకి పంపితే ఒకే వడపోత రెండుసార్లు జరుగుతుంది. శబ్దం మూసుకుపోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ఐఆర్ తీసేసి పీఏ బాక్సులోకి పంపితే ఇబ్బంది ఇటు వైపు తిరుగుతుంది. వర్క్‌షాపు వెనక గదిలో రిపేరైన బాక్సులను పరీక్షిస్తారు. అక్కడ ఒక మోడలర్‌లో ఐఆర్‌ను నడిపే క్యాబ్ బ్లాకును ఆపి, వేసి చూపించారు. ఆపిన క్షణంలో డిస్టార్షన్ మొత్తం పచ్చిగా, చెవిలో గుచ్చుకునే చిరచిరగా మారింది. మళ్లీ వేయగానే అదే స్వరం కుదురుకుని గిటార్ అనిపించింది. కొత్తగా మోడలర్ కొన్నవాళ్లు బాక్సు మీద చెప్పే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క స్విచ్చే. బాక్సు మార్చేముందు దాన్ని చూసుకోవడం మంచిది.

ఇక్కడినుంచి మూడు దారులున్నాయి. మొదటిది ఫుల్ రేంజ్ ఫ్లాట్ రెస్పాన్స్ బాక్సు, ఎఫ్ఆర్ఎఫ్ఆర్. వచ్చిన సిగ్నల్‌కు తనవైపు నుంచి ఏమీ కలపకుండా వినిపించడం దాని లక్ష్యం. మోడలర్‌లో ఐఆర్ వేసే ఉంచాలి. హెడ్‌రష్ ఎఫ్ఆర్ఎఫ్ఆర్-112, ఫెండర్ 2023లో తెచ్చిన టోన్ మాస్టర్ ఎఫ్ఆర్-12, ఎఫ్ఆర్-10 ఈ రకానివే. యామహా డీఎక్స్ఆర్, క్యూఎస్‌సీ కె.2 లాంటి మామూలు పవర్డ్ పీఏ బాక్సులు కూడా ఇదే పని చేస్తాయి. రెండోది, మోడలర్‌లో క్యాబ్ బ్లాక్ ఆపేసి విడి పవర్ ఆంప్ ద్వారా నిజమైన గిటార్ క్యాబినెట్‌ను మోగించడం. మూడోది ఈ రెంటి మధ్య దారి. 2018 నాటి లైన్ 6 పవర్‌క్యాబ్‌లో ఫ్లాట్ మోడ్‌తో పాటు, పెట్టె తానే కొన్ని గిటార్ స్పీకర్లను అనుకరించే మోడ్ ఉంది. ఆ మోడ్‌లో మోడలర్‌లోని క్యాబ్ బ్లాక్ ఆపాలి. కెంపర్ క్యాబినెట్‌లోని స్పీకర్‌ను సెలెస్షన్ తయారుచేసింది. అదే ఒక్కోసారి ఒక్కో గిటార్ స్పీకర్‌లా పలికేలా ప్రొఫైలర్ దాన్ని నడుపుతుంది.

మొదటి రెండు దారుల మధ్య మంచి చెడ్డల కన్నా వినే చోటులోని తేడా ఎక్కువ. గిటార్ క్యాబినెట్ ముందు నిలబడ్డ మనిషి గదిని, నేలను, పెట్టె వెనక నుంచి వచ్చే ధ్వనిని కలిపి వింటాడు. ఐఆర్ మాత్రం కోన్‌కు కొద్ది అంగుళాల దూరంలో ఉన్న మైకు విన్నది. అందుకే ఎఫ్ఆర్ఎఫ్ఆర్ బాక్సులో గిటార్ రికార్డులో విన్నట్టు ఉంటుంది. చాలా ఏళ్లు వాల్వ్ ఆంప్ ముందు వాయించినవాళ్లకు అది మొదట్లో దూరంగా, పలుచగా తోస్తుంది. అలాంటివాళ్లు ఎంత ఖరీదైన ఫ్లాట్ బాక్సు కొన్నా తృప్తి పడటం కష్టం. వాళ్లకు పవర్ ఆంప్, గిటార్ క్యాబినెట్ కలయికే సరైన సలహా. కానీ మిక్సర్‌కు నేరుగా సిగ్నల్ పంపేవాళ్లకు, ఒకే కచేరీలో క్లీన్, క్రంచ్, అకూస్టిక్ మూడూ వాడేవాళ్లకు ఫ్లాట్ బాక్సే నయం. తాము విన్నదే శ్రోతలకూ చేరుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో చర్చి బ్యాండ్లలో, పెళ్లి సంగీత్‌లలో వాయించే గిటారిస్టుల పరిస్థితి ఎక్కువగా ఇదే. ఒక పాటకు అకూస్టిక్, మరుసటి పాటకు లీడ్. గిటార్ క్యాబినెట్‌లో అకూస్టిక్ సిగ్నల్ మొద్దుబారుతుంది.

ఫ్లాట్ బాక్సు అని నిర్ణయించుకున్నాక అందరూ చూసేది వాట్లు. వెనక పలక మీద 2,000 వాట్లని ఉంటే అది సాధారణంగా పీక్, అంటే క్షణికంగా తట్టుకునే శక్తి. నిలకడగా ఇచ్చేది చాలా సందర్భాల్లో అందులో సగం, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఆ సగమైనా చెవికి పెద్ద తేడా కాదు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెండింతలు పెరిగినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల శక్తి. అసలు లెక్కలో స్పీకర్ సెన్సిటివిటీకి చాలా బరువుంది. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌కు 500 వాట్లిస్తే కాగితం మీద 124 వస్తుంది, 1,000 ఇస్తే 127. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి నాలుగు మీటర్ల దూరంలో ఆ 124 కాస్తా 112 అవుతుంది. డ్రమ్మర్ పక్కన వాయించడానికి ఇది సరిపోతుంది. వాట్ల మీద పెట్టే అదనపు డబ్బును, పై స్థాయిలను వినిపించే హారన్ నాణ్యత మీద పెట్టడం తెలివైన పని.

హారన్ విషయంలో వర్క్‌షాపు అభిప్రాయం సూటిగా ఉంది. తన బాక్సు కోన్ చూపించడానికి వచ్చిన ఒక కుర్రాడు, ‘‘ఉస్తాద్, కోన్ మారిస్తే సౌండ్ బాగైతదా?’’ అని అడిగాడు. ‘‘కోన్‌దేముంది తమ్మీ, ఎప్పుడన్నా మార్చుకోవచ్చు. ముందుగాల హారన్ ఇను’’ అని మేస్త్రీ జవాబిచ్చాడు. కారణం శబ్దం వ్యాపించే తీరులో ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 12 అంగుళాల కోన్ వెడల్పుకు సమానమైన తరంగం 1,100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఆ పైన కోన్ నుంచి వచ్చే ధ్వని ముందుకే, సన్నని పుంజంలా వెళ్తుంది. అందుకని ఒక స్థాయి దాటాక పనిని క్రాసోవర్ హారన్‌కు అప్పగిస్తుంది. ఆ అప్పగింత జరిగే చోటు చాలా బాక్సుల్లో గిటార్‌కు ప్రాణమైన మధ్యస్థాయిలోనే పడుతుంది. అది సరిగా కుదరకపోతే లీడ్ స్వరం ఎక్కేకొద్దీ ఒకచోట పలచబడి, ఇంకోచోట గీచినట్టు వినిపిస్తుంది. కొనేముందు లీడ్ తీగల మీద మెల్లగా పైకి వెళ్తూ వినాలి. ఆ తర్వాత ఎవరితోనైనా వాయించమని చెప్పి బాక్సు ముందు నుంచి పక్కకు నడవాలి. రెండు మూడు అడుగులకే స్వరం మారిపోతే వేదిక మీద తోటివాళ్లకు మరో గిటార్ వినిపిస్తున్నట్టే. కోన్, హారన్ ఒకే ఇరుసు మీద ఉండే కోయాక్సియల్ నిర్మాణంలో ఈ ఇబ్బంది తక్కువ. సెలెస్షన్ ఎఫ్12-ఎక్స్200 ఆ రకానికి చెందినదే: 12 అంగుళాలు, 200 వాట్లు, 60 నుంచి 20,000 హెర్ట్జ్.

వినే స్థాయి కూడా నిర్ణయాన్ని తారుమారు చేస్తుంది. తక్కువ శబ్దంలో మన చెవి కింది, పై స్థాయిలను సరిగా పట్టుకోదని 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. రాత్రి ఇంట్లో చిన్న శబ్దంలో తయారుచేసుకున్న ప్యాచ్‌లో, అంటే మోడలర్‌లో దాచుకున్న సెట్టింగ్‌లో, బాస్, ట్రెబుల్ తెలియకుండానే ఎక్కువవుతాయి. వేదిక మీద అదే ప్యాచ్ గుబగుబలాడుతుంది, పైన కోస్తుంది. జనం తిట్టేది బాక్సును. దుకాణంలో కొనేటప్పుడు ఫ్యాక్టరీ ప్యాచ్‌లతో కాకుండా సొంత ప్యాచ్‌లతో, కచేరీలో వాడే శబ్దంలో కాసేపైనా వినాలి. దిద్దుబాటు మోడలర్‌లోనే ఉంది: 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్, 5,000 నుంచి 8,000 మధ్య ఎక్కడో హై కట్. బాక్సును నేల మీద, గోడకు ఆనించి పెడితే కింది స్థాయి పెరుగుతుంది. ఒక్కో ఉపరితలం 6 డెసిబెల్స్ దాకా కలపగలదు. స్టాండ్ మీద పెడితే అది తగ్గి, హారన్ చెవి ఎత్తుకు వస్తుంది. ఏటవాలుగా నేల మీద నిలబెట్టే సౌకర్యం ఉన్న పెట్టె చిన్న వేదికలకు అన్నిటికన్నా అనువైనది.

కనెక్షన్లలో తప్పనిసరిగా ఉండవలసింది త్రూ అవుట్‌పుట్. బాక్సుకొచ్చిన సిగ్నలే అక్కడినుంచి మిక్సర్‌కు వెళ్తుంది. అయినా మోడలర్‌కు రెండు అవుట్‌పుట్‌లుంటే ఒకటి బాక్సుకు, ఒకటి మిక్సర్‌కు వేరువేరుగా ఇవ్వడం మేలు. వేదిక మీద నాబ్ తిప్పితే హాల్లో శబ్దం మారకుండా ఉంటుంది. బాక్సు ఇన్‌పుట్‌ను లైన్‌లో పెట్టాలి. మైకు స్థాయిలో ఉంచి మోడలర్ నుంచి లైన్ సిగ్నల్ పంపితే చిరిగిన ధ్వని వస్తుంది, స్పీకర్ పోయిందని భ్రమ కలుగుతుంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే పెట్టెలతో ఇంకో చిక్కు ఉంది. అక్కడి సరఫరా 120 వోల్టులు, ఇక్కడ 230. కొన్ని బాక్సులు రెండింటికీ తమంతట తామే సర్దుకుంటాయి, కొన్నింటికి వెనక సెలెక్టర్ ఉంటుంది, కొన్నింటికి ఏదీ ఉండదు. వెనక పలక మీద రాసి ఉన్నది చదవకుండా ప్లగ్ పెట్టకూడదు. గుయ్‌మనే హమ్ వస్తే ఎక్స్ఎల్ఆర్ దగ్గర గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడాలి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. తీగ మీద చెయ్యి, పెదవికి ఆనుకునేంత దగ్గరలో మైకు పెట్టుకుని వాయించేవాడికి అది ప్రాణాంతకం.

ఆఖరి పరిశీలన మరమ్మతు. వర్క్‌షాపు గోడకు హారన్ డయాఫ్రమ్‌లు కవర్లలో వరుసగా వేలాడుతున్నాయి. బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దవైన పలుచని గిన్నెలు, చుట్టూ వెంట్రుకలా సన్నని తీగ. ఫీడ్‌బ్యాక్ గట్టిగా వచ్చినప్పుడు ముందు పోయేది ఇవే. కోన్ అయినా, డయాఫ్రమ్ అయినా దొరికితే చేత్తో మార్చేయవచ్చు. బాక్సు లోపలి క్లాస్-డి ఆంప్లిఫయర్, సిగ్నల్ ప్రాసెసర్ ఒకే బోర్డు మీద ఉన్నప్పుడు మాత్రం కంపెనీ బోర్డు వస్తేనే పని జరుగుతుంది. కొనే ముందు ఆ మోడల్‌కు డయాఫ్రమ్ విడిగా దొరుకుతుందా, బోర్డు దేశంలో దొరుకుతుందా అని రెండు ఫోన్లు చేసి కనుక్కోవాలి. పెట్టె బరువును కూడా ఒకసారి ఎత్తి చూడాలి. ప్లాస్టిక్ పెట్టెలు తేలిక, ప్లైవుడ్ పెట్టెలు బరువు. మెట్లెక్కి రిహార్సల్ గదికి చేర్చేది కొన్నవాళ్లే.